చీలమండ పట్టు

గోరువెచ్చని నువ్వుల నూనెకు ఒక వాసన ఉంటుంది, పొయ్యి మీద గింజలు అప్పుడే వేగినట్టు. ఇవాళ సాయంత్రం పాపకు స్నానానికి ముందు నూనె రాస్తుంటే ఆ వాసన గదంతా నిండింది. పాప పేరు సాన్వి. చాపిన నా కాళ్ల మీద వెల్లకిలా పడుకుని, పైన తిరిగే ఫ్యానును చూస్తూ తనలో తాను ఏదో చెప్పుకుంటోంది. దాని ఎడమ కాలు నా చేతుల్లో ఉంది. చీలమండకు అటూ ఇటూ ఉండే రెండు బొడిపెలు చింతగింజలంత కూడా లేవు. నూనెలో జారుతూ వేళ్లకు దొరికీ దొరకనట్టున్నాయి. ఉన్నట్టుండి పాప కాలు లాక్కోబోయింది. నేను ఆలోచించనేలేదు. నా రెండు చేతులూ వాటంతట అవే మడమ వెనకనుంచి చుట్టుకుని, నొప్పి కలగకుండా, జారిపోకుండా పట్టేశాయి. పాప ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, తర్వాత పకపకా నవ్వింది. ఆ పట్టు నాకు నేర్పింది మా భారతి టీచర్. ఇన్నేళ్లయినా నా చేతులు ఆమె మాట మరచిపోలేదు.

సాన్వి ఎదురుకాళ్లతో పుట్టింది. కడుపులో తల కిందికి తిరగకుండా కూర్చున్నట్టే ఉండిపోతే ఆపరేషన్ చేసి తీశారు. పుట్టినప్పుడు దాని ఎడమ పాదం చీలమండ దగ్గర లోపలికి ఒరిగి ఉంది. కామారెడ్డిలో ఎముకల డాక్టరు ఆ కాలును అటూ ఇటూ తిప్పి చూసి, ఎముకలో లోపమేమీ లేదని, ఇరుకులో అలా మడుచుకుని ఉండడం వల్ల వచ్చిందని చెప్పారు. రోజూ ఎలా సాగదీయాలో చూపించారు. "నిలబడే వయసు వచ్చేసరికి పాదం నేలకు పూర్తిగా ఆనాలమ్మా. ఆనకపోతే అప్పుడు కట్టు వేసి సరిచేద్దాం" అన్నారు. రేపు పొద్దున్నే మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లాలి. నేను ఊరికే భయపడే మనిషిని. పాప తుమ్మితే భయం, ఎక్కువసేపు నిద్రపోతే భయం. కానీ ఈ ఒక్క కాలి విషయంలో నేను చేయవలసిన పని నాకు తెలుసునన్న ధైర్యం ఈ సంవత్సరమంతా నాతో ఉంది. అది ఎక్కడినుంచి వచ్చిందో ఇల్లు నిద్రపోయిన ఈ వేళ రాసుకోవాలనిపించింది.

మాది ఎల్లారెడ్డికి దగ్గర్లోని చిన్న పల్లె. అమ్మా బాపూ పనుల కాలమంతా బయటి ఊళ్లలో ఉండేవారు కనుక నన్ను పెంచింది మా అవ్వ. చిన్నప్పుడు నా కాలు మాటిమాటికీ మడత పడేది. గడప దాటితే మడత, గుంట తొక్కితే మడత. అవ్వ నా ఎడమ చీలమండకు నల్లదారం కట్టి, కనబడ్డవాళ్లందరికీ "మా మమతది దూది కాలు" అని చెప్పేది. అలా వినీ వినీ నేను అడుగు వేసే ముందు నేలను చూసుకోవడం నేర్చుకున్నాను. బడికి వెళ్లేటప్పుడు, బడిలో, మనుషులతో మాట్లాడేటప్పుడు కూడా నా చూపు కిందే ఉండేది. ఎల్లారెడ్డి ఆడపిల్లల బడిలో ఎనిమిదో తరగతిలో చేరినప్పుడు చాలా రోజుల వరకు నాకు తోటిపిల్లల ముఖాలు సరిగా తెలియవు. చెప్పులు తెలుసు, పట్టీలు తెలుసు, ఎవరి కాలికి ఎక్కడ మచ్చ ఉందో తెలుసు.

భారతి టీచర్ మాకు ఆటలు నేర్పేది. బిచ్కుంద నుంచి వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉండేది. పంజాబీ డ్రెస్సు మీద చున్నీని నడుముకు బిగించి, తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకునేది. మెడలో బూటు లేసుకు కట్టిన విజిల్. కుడికాలు కాస్త ఈడ్చి నడిచేది, కానీ ఆ నడకలో ఎక్కడా బలహీనత కనిపించేది కాదు. పక్కకు తప్పుకోమని దారికి చెబుతున్నట్టు నడిచేది. కబడ్డీ జట్టు కోసం పిల్లల్ని ఎంచుకునే రోజు మమ్మల్ని మైదానం ఈ చివరినుంచి ఆ చివరకు నడవమంది. చెట్టు కింద కుర్చీలో కూర్చుని వేయించిన పల్లీలు తింటూ చూసింది. నేను ఆటకు రాలేదు. నీళ్ల కుళాయి దగ్గరికి పోతూ ఆ వరుసలో పడ్డాను.

"ఏ పోరీ! కింద ఏమన్న పారేసుకున్నవా?" అని కేక వినిపించింది.

"లేదు టీచర్."

"మరేం దేవులాడుతున్నవ్?"

"కాలు మడత పడ్తదని చూసుకుంట నడుస్తున్న టీచర్."

పిల్లలు గొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు. చేతిలోని పల్లీల పొట్టు ఊదేసి, "ఇగో, నీ ముంగట నడిచిన పిల్ల కాళ్లకు పట్టీలున్నయా లేవా? తిరిగి చూడకుంట చెప్పు" అంది. ఉన్నాయని, ఎడమ పట్టీకి ఒక మువ్వ ఊడిపోయిందని చెప్పాను. టీచర్ లేచి నా దగ్గరికి వచ్చి, నా గడ్డం పట్టి తల పైకెత్తలేదు. అందరూ అదే చేసేవారు. ఆమె తనే కొంచెం వంగి, నా చూపు ఉన్నచోటికి తన ముఖం తెచ్చి చెప్పింది: "నాకు కార్నర్‌ల నిలబడేటోళ్లు కావాలె. మా పోరిలందరూ కూతకొచ్చినదాని మొఖం చూస్తరు. మొఖం చూస్తే మోసపోతరు. నువ్వు రేపు సాయంత్రం ఆగు."

కబడ్డీ చూసినవాళ్లకు తెలుసు. కూతకు వచ్చిన పిల్ల కళ్లతో ఒకవైపు చూస్తుంది, చేతులు ఇంకోవైపు ఆడిస్తుంది, నడుము వేరే వైపు వంచుతుంది. ఇవన్నీ ఆటగాళ్లు కావాలని చేసే మాయలు. కానీ మనిషి ఎటు తిరగాలనుకున్నా ముందు తిరగవలసింది చీలమండ. శరీరం బరువంతా దాని మీదుగా మళ్లాలి, దాన్ని దాచిపెట్టడం ఎవరి తరమూ కాదు. మూలలో నిలబడేవాళ్లు ఆ ఒక్కదాన్ని చూస్తూ ఉండాలి. అది తిరిగిన క్షణంలో వంగి, మడమ వెనకనుంచి రెండు చేతులతో పట్టి, తమ వైపు లాక్కోవాలి. మిగతా జట్టు వచ్చి మీద పడేదాకా వదలకూడదు. అదే చీలమండ పట్టు. ఇన్నాళ్లూ నా లోపం అనుకున్న ఆ కిందచూపుతో నాకొక పని దొరికింది. సాయంత్రాలు నేను ఆ మైదానంలో నేల మీద మోకాళ్లు దోక్కుపోయేలా ఆడాను. అవ్వకు మాత్రం దుమ్ములో పడ్డానని చెప్పేదాన్ని. అది అబద్ధమేమీ కాదు.

నా నల్లదారం విషయం కూడా చెప్పాలి. ఆటలో కాళ్లకు ఏమీ ఉండకూడదని అందరి పట్టీలూ తీయించింది టీచర్. నా వంతు వచ్చేసరికి నేను కాలు వెనక్కి దాచుకున్నాను. "ఎవరు కట్టిన్రు?" అని అడిగింది. "మా అవ్వ." ఆమె తన సంచిలోంచి ఒక జత సాక్సులు తీసి, "దారం ఉండనియ్. మీదికెళ్లి ఇది ఎయ్" అంది.

ఒక సాయంత్రం మేము ఆడుతుండగా మల్లయ్య తాత మైదానంలోకి వచ్చాడు. మా బడి వెనక పొలం ఆయనదే. నడుము పట్టేసి, ఒక చేయి వీపున పెట్టుకుని, ఒక్కో అడుగు వేస్తూ మూలుగుతున్నాడు. నేరుగా టీచర్ దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, నువ్వు ఎదురుకాళ్ల బిడ్డవంట గదా. జర ఒక్కసారి తాకరాదు" అన్నాడు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలితో తాకితే పట్టేసిన నడుమూ, బెణికిన కాలూ నయమవుతాయని మా వైపు ఇప్పటికీ నమ్ముతారు. మా టీచర్ అలా పుట్టిందని మాకు అప్పుడే తెలిసింది. సిమెంటు బెంచీ మీద తాత బోర్లా పడుకున్నాడు. టీచర్ బూటూ సాక్సూ విప్పి, కుళాయి దగ్గర కాలు కడుక్కుని వచ్చి, ఏదో పూజ చేసినంత శ్రద్ధగా ఆయన నడుము మీద పాదం ఆనించింది. మేము నోళ్లు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నాం.

"అయిపోయింది తాతా. ఇగ రెండు దినాలు మూట ఎత్తకు, నాగలి ముట్టకు. ఎత్తినవంటే నా కాలుకు చెడ్డపేరొస్తది."

"ఎత్తనమ్మా. నీ కాలు మీద ఒట్టు" అంటూ తాత లేచి వెళ్లిపోయాడు. వచ్చినప్పటికంటే కాస్త నిటారుగానే నడిచాడని నాకనిపించింది.

నేను ఉండబట్టలేక అడిగాను. "టీచర్, నిజంగనే తగ్గుతదా?"

"నా కాలుతోని తగ్గుతదో లేదో నాకు తెల్వది బిడ్డా. కానీ పండుకుంటే తగ్గుతది. డాక్టరు పండుకొమ్మంటే గా తాత పండుకోడు. నేను తాకి చెప్పిన గద, ఇగ పండుకుంటడు." బూటు లేసు కట్టుకుంటూ నవ్వింది. "మా బిచ్కుందల మరాఠోళ్లు నన్ను పాయాళూ అంటరు, అంటే ఎదురుకాళ్లదని. చిన్నగున్నప్పుడు పండుగొచ్చినా పబ్బమొచ్చినా మా ఇంటి ముంగట నడుములు పట్టుకొని లైను కట్టేటోళ్లు. తన్నమని బతిమిలాడేటోళ్లు! గా వయసుల ఎంత మజా ఉంటదో ఆలోచించు."

ఆ సాయంత్రమే ఆమె బూటు విప్పిన కాలిని మొదటిసారి దగ్గరగా చూశాను. కుడి చీలమండ బయటివైపు ఎముక పక్కకు పొడుచుకువచ్చి, దాని చుట్టూ చర్మం బిగుసుకుని ఉంది. నేను చూడడం ఆమె చూసింది. చిన్నప్పుడు తను కూతకు పోయేదని, ఒక ఆటలో ఎవరో తన కాలు పట్టారని, రిఫరీ విజిల్ ఊదాక కూడా ఆ పిల్ల వదలకుండా తిప్పిందని చెప్పింది. "నా చీలమండకు విజిల్ ఇనొచ్చింది. పట్టినదానికి ఇనరాలేదు. గంతే." ఆ మాటలో కోపం లేదు. కానీ మర్నాటినుంచి మాకు పట్టడంకంటే వదలడమే ఎక్కువ నేర్పింది. పట్టండి అనేది, మధ్యలో ఎప్పుడో చెప్పకుండా విజిల్ ఊదేది. ఆ క్షణంలో చేతులు రెండూ విప్పారి గాల్లో ఉండాలి. ఎవరి వేళ్లు ఆలస్యంగా విడిపోయినా మైదానం చుట్టూ పరుగే. అందులో నేనే ఎక్కువ పరుగెత్తాను. పట్టు దొరికాక వదలాలంటే నాకు భయం. వదిలితే ఏదో పోతుందనిపించేది.

కామారెడ్డిలో జిల్లా పోటీలు పెట్టారు. వాటికి రెండు మూడు వారాల ముందు నా కాలు మళ్లీ మడత పడింది. ఎలా పడిందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వరినాట్ల కాలం. బడినుంచి పొలం ఒడ్డు మీదుగా ఇంటికి వస్తున్నాం. నా ముందు నడిచే పిల్ల చీలమండలే చూస్తూ, ఇప్పుడు ఎటు తిరుగుతుంది, ఇప్పుడు ఎటు అని నాలో నేను పందెం కాసుకుంటున్నాను. జీవితంలో మొదటిసారి నా అడుగు నేను చూసుకోలేదు. ఒడ్డు చివర తడిమన్ను జారింది. నా ఎడమ పాదం లోపలికి మడుచుకుపోయింది, మడిలో కూలబడ్డాను. ఇంటికి చేరేసరికి చీలమండ జామకాయంత అయింది.

అవ్వకు తెలిసిన వైద్యాలన్నీ ఆ రాత్రే చేసింది. వేడి నూనెతో గట్టిగా రుద్దింది. వేళ్లు పట్టుకుని లాగింది. చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టు వేసింది. పొద్దుటికి వాపు రెట్టింపయింది. "నేను చెప్తనే ఉన్న, దూది కాలు, దూది కాలు అని! ఆటలేంది, గంతులేంది!" అని తిడుతూ, కళ్లు తుడుచుకుంటూ, ఇంకొంచెం గట్టిగా రుద్దాలని మళ్లీ నూనె వేడిచేయబోయింది. నేను బడికి రాకపోయేసరికి భారతి టీచర్ స్కూటీ వేసుకుని మా ఇంటికి వచ్చింది. గడపలో ఆమెను చూడగానే అవ్వ ముఖం వెలిగింది. ఆటల టీచరని కాదు.

"టీచరమ్మా, నువ్వు ఎదురుకాళ్ల దానివంట. దేవుడు పంపినట్టే వచ్చినవ్. దీని కాలు జర తాకు."

టీచర్ నా కాలు చూసింది, నూనె గిన్నె చూసింది, అవ్వ ముఖం చూసింది. బూటు విప్పి, వాకిట్లో గోలెం దగ్గర నీళ్లు ముంచుకుని పాదం కడుక్కుంది. వచ్చి మంచం పక్కన నిలబడి, వాచిన నా చీలమండ మీద తన పాదాన్ని ఆకు పడినంత మెల్లగా ఆనించింది. చల్లగా తగిలింది. వంకరపోయిన ఆ ఎముక నా కాలి పక్కనే ఉంది.

"ఇగ ఇనుకో అవ్వా" అంది. "నేను తాకిన కాలును ఇంకెవ్వరు ముట్టొద్దు. నువ్వు గూడ. రుద్దినవా, లాగినవా, నా తాకుడు పనిచెయ్యది. తడిగుడ్డ ఎయ్యి, దిండు మీద పెట్టు. గంతే."

"ముట్టనమ్మా. నేనెందుకు ముడ్త!" అవ్వ నూనె గిన్నె తీసుకుని వెనక్కి వెళ్లింది. ఆ తర్వాత ఆ కాలు దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. పక్కింటివాళ్లు పలకరించడానికి వచ్చి చేయి వేయబోతే, "ముట్టకుండ్రి! టీచరమ్మ తాకింది" అని అరిచేది. టీచర్ బ్యాగులోంచి సాగే కట్టుగుడ్డ తీసి వేళ్ల దగ్గరనుంచి పిక్క వరకు చుట్టింది. వెళ్తూ వెళ్తూ నా వైపు వంగి, అవ్వకు వినపడకుండా, "నువ్వు నవ్వకు" అంది.

రోజూ బడి విడిచాక వచ్చి చూసేది. వాపు తగ్గాక నన్ను దర్వాజ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమంది. నేను పాదం మోపగానే "అమ్మా" అన్నాను. ఆమె అడిగిన ప్రశ్న అప్పుడే మొదటిసారి విన్నాను.

"నొప్పా, భయమా?"

"నొస్తుంది టీచర్."

"మళ్ల మోపి చెప్పు. నొప్పి వేరు, భయం వేరు. నొప్పి చీలమండల ఉంటది, ఏలు పెట్టి చూపియ్యొచ్చు. భయమైతే ఎక్కడున్నదో చూపియ్యరాదు. చూపియ్యి."

మళ్లీ మోపాను. ఎముక కింద ఒకచోట వేలు పెట్టగలిగాను. "సరే, నొప్పి. కూసో" అంది. వాదించలేదు, ధైర్యం చెప్పలేదు. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. ఇంకో రోజు మళ్లీ. పోటీలకు ముందురోజు పాదం మోపి, కళ్లు మూసుకుని, నొప్పి కోసం ఎముక చుట్టూ వెతికాను. దొరకలేదు. అయినా దర్వాజ మీది చేయి తీయలేదు.

"భయమే టీచర్."

"ఎంత?"

"మస్తు."

"మంచిగున్నది. భయపడేటోళ్లే కింద చూస్తరు. రేపు బస్సెక్కు."

అవ్వ ఒప్పుకుంది. నన్ను పంపడం ఇష్టమై కాదు, టీచర్ కాలు పనిచేసిందన్న సంతోషానికి ఒప్పుకుంది. పోపు వేసిన అటుకులు మూటకట్టి ఇచ్చింది.

కామారెడ్డి మైదానంలో మా మొదటి ఆట పిట్లం పిల్లలతో. వాళ్ల జట్టులో ఒక పొడుగు పిల్ల ఉండేది. కూతకు వచ్చిన ప్రతిసారీ మాలో ఒకరిని తాకి వెళ్లిపోయేది. అంత అందంగా మోసం చేసేది. చివరికి మాలో ముగ్గురమే మిగిలాం, నేను మూలలో ఉన్నాను. ఆమె కాళ్లకు పట్టీలు తీసేసినచోట చర్మం తెల్లటి గీతలా మిగిలి ఉంది. నేను ఇంకేమీ చూడలేదు. ఆమె కళ్లు కుడివైపు వెళ్లాయని తర్వాత మావాళ్లు చెప్పారు, చేతులు కూడా అటే ఊపిందట. నాకు ఆ తెల్లగీత కనిపించింది. అది మెల్లగా నా వైపు తిరిగింది. వంగాను. రెండు చేతులూ మడమ వెనకనుంచి చుట్టుకున్నాయి. ఆమె లాగింది, నేను మట్టిలో ఈడ్చుకుపోయాను, నా దూది కాలు నేలలో గుచ్చుకుని నిలబడింది. మిగతా ఇద్దరూ వచ్చి మీద పడ్డారు. కూత ఆగింది. విజిల్ పడింది. నా చేతులు విప్పారి గాల్లో ఉన్నాయి.

ఆ పిల్ల లేచి, చీలమండను ఒకసారి గుండ్రంగా తిప్పి చూసుకుని, నా వైపు చూసి నవ్వింది. "జలగ లెక్క పట్టినవ్ గదనే!" అంది. ఆ ఆట గెలిచాం. తర్వాతి ఆట చిత్తుగా ఓడిపోయాం. బస్సులో అందరూ గొంతులు పోయేలా పాడుతున్నారు. టీచర్ వచ్చి నా పక్కన కూర్చుని, దోసిట్లో పల్లీలు పోసింది. పట్టు గురించి ఏమైనా అంటుందని ఎదురుచూశాను.

"పట్టుడేమున్నది, అందరు పడ్తరు" అంది కాసేపటికి. "నువ్వు మంచిగ వదిలినవ్."

తర్వాత నేను కామారెడ్డిలో డిగ్రీ చదివాను. పెళ్లయి ఎల్లారెడ్డికే వచ్చాను. ఉద్యోగం నుంచి దిగిపోయాక టీచర్ బిచ్కుంద వెళ్లిపోయింది. పెళ్లికార్డు ఇవ్వడానికి వెళ్తే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. లోపలికి వస్తున్న నన్ను దూరంనుంచే చూసి, "ఏ పోరీ, ఇంకా కిందనే చూసుకుంట నడుస్తున్నవా?" అని కేక వేసింది. అదే నేను ఆమెను చివరిసారి చూడడం. సాన్వి పుట్టడానికి కొన్ని నెలల ముందు ఆమె పోయింది.

స్కానింగులో పాప కాళ్లు కిందికి ఉన్నాయని తెలిసిన రోజు ఇంట్లో అందరూ కంగారుపడ్డారు. నేనూ పడ్డాను. కానీ ఆ కంగారు మధ్యలో ఒక పిచ్చి సంతోషం కూడా కలిగింది. ఫోన్ చేసి చెప్పాలనిపించిన ఒకే ఒక్క మనిషి లేదు. పాప పుట్టాక, వంకర తిరిగిన ఆ చిన్న పాదాన్ని నర్సు చూపించింది. ఎన్నో రోజులు ఫోనులో రకరకాల పాదాల బొమ్మలు చూస్తూ ఏడ్చాను. మా అత్తమ్మ వేడి నూనెతో గట్టిగా రుద్దితే సర్దుకుంటుందని అంది. అప్పుడు నాకు అవ్వ చేతిలోని నూనె గిన్నె గుర్తుకొచ్చింది. "అత్తమ్మా, డాక్టరు తాకిన కాలు ఇది. ఆయన చూపిచ్చినట్టే తప్ప ఇంకెవరు ముట్టొద్దట. ముడ్తే పనిచెయ్యదట" అన్నాను, మొహం మీద నవ్వు రానివ్వకుండా. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఇంటికి వచ్చినవాళ్లకు తనే చెబుతుంది, ముట్టొద్దని.

మొన్న మా వీధి సత్తెవ్వ నడుము పట్టుకుని వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పకముందే నాకు తెలిసిపోయింది. "బిడ్డ ఎదురుకాళ్లతోని పుట్టిందంట గదా, జర తాకియ్యరాదు" అని అరుగు మీద బోర్లా పడుకుంది. మా ఆయన, "ఏందిది, పసిపిల్ల కాలుతోని?" అని విసుక్కున్నారు. ముఖ్యంగా ఆ కాలుతో అని ఆయన బాధ. నేను పాపను ఎత్తుకుని, దాని ఎడమ పాదాన్నే సత్తెవ్వ నడుము మీద ఆనించాను. అది బుర్ర ఊపుతూ కిలకిలమంది. "ఇగ సత్తెవ్వా, రెండు దినాలు బిందె ఎత్తకు. ఎత్తినవంటే మా బిడ్డ కాలుకు చెడ్డపేరొస్తది" అన్నాను. ఆ మాట నా నోటినుంచి వచ్చినప్పుడు నా గొంతు నాది కాదనిపించింది.

ఇవాళ సాయంత్రం నూనె రాశాక స్నానం చేయించి, తుండు కప్పి, గచ్చు మీద నిలబెట్టాను. కొన్నాళ్లుగా నా వేళ్లు పట్టుకుని నిలబడుతోంది. నేను కిందికే చూస్తున్నాను. ఎప్పటిలాగే నా చేయి దాని ఎడమ చీలమండ మీదికి పోయింది, ఒరుగుతుందేమోనని పట్టుకోవడానికి. ఇన్ని నెలలుగా నేను ఆ కాలిని వదిలి నిలబెట్టనేలేదు. నొప్పా, భయమా అని నన్ను నేనే అడిగాను. పాప ముఖంలో నొప్పి లేదు. చీలమండ చుట్టూ వేళ్లతో వెతికాను, బిగుసుకున్నచోటు ఎక్కడా తగల్లేదు. మిగిలింది నా భయం ఒక్కటే. అప్పుడు సాన్వి గట్టిగా, సన్నగా, సంతోషంగా ఒక కేక పెట్టింది. వాళ్ల నాన్న గుమ్మంలోకి వచ్చినప్పుడు పెట్టే కేక అది.

నా చేతులు రెండూ విప్పారాయి.

అది ఊగింది. తడి పాదాలతో ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది, వాళ్ల నాన్న చేతుల్లో పడింది. ఆయన దాన్ని గాల్లోకి ఎగరేస్తున్నారు. నేను మాత్రం గచ్చు మీద చూస్తున్నాను. తడి గుర్తులు మిగిలాయి. కొన్ని నెలల కిందట ఎత్తుకుని నిలబెట్టినప్పుడు ఎడమ పాదం గుర్తులో బయటి అంచు మాత్రమే, వంకర తిరిగిన గీతలా పడేది. ఇవాళ మడమ ఉంది, అరికాలు ఉంది, బొటనవేలు కూడా ఉంది, కుడి పాదానికి జతగా. డాక్టరుకు చూపిద్దామని ఫోను కోసం లోపలికి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి ఆ గుర్తులు ఆరిపోయాయి.

పోనీ. రేపు కామారెడ్డిలో డాక్టరు గదిలో కూడా గచ్చే ఉంటుంది. కాళ్లు తడిపి దింపుతాను. నేను కిందికి చూస్తూ ఉంటాను, చేతులు దూరంగా పెట్టుకుని.